డిక్కీ మీద అమ్మవారు

ఆగస్టు 18, బుధవారం

మా ఆయన్ని వాళ్ల ఊరి అమ్మవారి సంబరానికి రైలెక్కించి వచ్చాను. హౌరాలో బోగీ మెట్టు మీద నిలబడి ఎప్పటి అప్పగింతలే పెట్టాడు. కారు మీద టార్పాలిన్ తీయకు, వాననీళ్లు నిలిస్తే కర్రతో తోసెయ్యి, శుక్రవారం డిక్కీ మీది అమ్మవారి పేరుకి పసుపూ బొట్టూ మరిచిపోకు. నేనెలా ఉండాలో చెప్పేలోపు రైలు కదిలింది.

చీర సంచిలో అన్నిటికీ పైన పెట్టాను. ఈ యేడు ధనేఖాలీ నేత, తెల్లటి ఒళ్లు, వేలెడు ఎర్రంచు. బడాబజారులో షాపువాడు విసుక్కునేదాకా చీరలు విప్పించాను. అమ్మవారు కట్టే చీరలో ఒక్క పోగు లేచి ఉండకూడదు. గాజులు, పసుపు, కుంకుమ కూడా సర్దాను. ఈసారైనా నన్ను తీసుకెళ్లమన్నాను. "ఆడోలు రాకూడదు. అది అమ్మోరి కట్టడి," అన్నాడు. ఎనిమిదేళ్లుగా అదే మాట. నేను ఖిదిర్‌పూర్లో పుట్టి ఖిదిర్‌పూర్లోనే కాపురం పెట్టినదాన్ని. అత్తమామలు నా పెళ్లికి ముందే పోయారు. ఆయన ఊరి సంగతులు నాకు చెప్పే మనిషి ఆయనొక్కడే.

ఆగస్టు 20, శుక్రవారం

పొద్దున్నే టార్పాలిన్ వెనకవైపు ఎత్తి, డిక్కీ తుడిచి, కాసులమ్మ తల్లికి బొట్టు పెట్టాను. అప్పటికే మా తెలుగు బస్తీకి పెద్దదిక్కు దాలమ్మత్త మందారాలు పట్టుకుని నిలబడి ఉంది. మనవడి టైఫాయిడు ఈ తల్లే తగ్గించిందని ఆమె నమ్మకం. ఆసుపత్రిలో వాడికి సూదులు వేసిన డాక్టరు మొహం కూడా ఆమెకి గుర్తు లేదు. ఆమెనేమిటి, బస్తీలో ఏ పెళ్లయినా పెళ్లికూతురు మా కారు డిక్కీకి మొక్కాకే ఎక్కుతుంది.

ఈ కారుకి ఆయన చేసిన సింగారం అంతా ఇంతా కాదు. ఓడరేవు డాక్కులో పని ముందుగానే వదులుకుని ఈ పాత అంబాసిడర్ కొన్నది మొదలు, కారు సామాన్లకి మల్లిక్‌బజారు వెళ్లినప్పుడల్లా ఏదో ఒకటి తెచ్చి అతికించాడు. తలుపుల మీద మెరిసే బీడింగు, కిటికీల పైన వానరేకులు, చక్రాల చుట్టూ వంకీలు, బానెట్టు మీద ప్లాస్టిక్ గద్ద. అన్నిటికన్నా ముందు డిక్కీ మీద అమ్మవారి పేరు. అన్నీ డాక్కు నుంచి తెచ్చిన నల్ల గమ్ముతోనే. గోడౌను తలుపులకి రబ్బరు అంటించే గమ్ము అది, అంటుకుంటే ఇక వదలదు. పెళ్లయిన కొత్తలో నాకు ఒక్క పూసలదండైనా తెచ్చాడా అని ఆలోచించాను. గుర్తు రాలేదు. తేలేదు కాబట్టే గుర్తు లేదనుకుంటాను.

ఆగస్టు 22, ఆదివారం

ఇవాళ ఒక ముసలాయన వచ్చాడు. మా ఆయన ఊరి మనిషే, పేరు సూరన్న. కొడుకు రైల్వేలో పని చేస్తాడు, సంత్రాగాఛి క్వార్టర్లో ఉంటాడు. ముసలాయన ఈ మధ్యే ఊరి నుంచి వచ్చాడట. మా ఆయన్ని చిన్నప్పుడు చంకనేసుకుని తిప్పానని చెప్పాడు. ఆయన వైపు మనిషి ఒకడు మా గుమ్మం తొక్కడం ఇదే మొదటిసారి. సంతోషం పట్టలేక బిస్కట్లు తెప్పించాను.

"గోయిందు నేడేటమ్మా?"

"ఊరెల్లినారు మావా, అమ్మోరి సంబరానికి."

"ఇప్పుడేటి సంబరం?" అని నవ్వాడు. "ఊడుపులవతన్నాయి. ఊరంతా బురదలో ఉంటాది. మా అమ్మోరి సంబరం ఉగాదెల్లినాక కదేటి."

ముసలితనం కదా, నెలలు కలగాపులగం అయి ఉంటాయనుకున్నాను. కారు చూపిద్దామని సందులోకి తీసుకెళ్లి, గొప్పగా టార్పాలిన్ ఎత్తాను. ముసలాయన అయిదో క్లాసు చదివాడట. అక్షరాలని ఒక్కొక్కటే వేలితో తడుముతూ చదివాడు.

"కా...సు...ల...మ్మ. ఈ పేరెందుకెట్టీసినాడు?"

"మీ అమ్మోరే కదా మావా."

"మా అమ్మోరు అసిరితల్లి. కాసులమ్మ అమ్మోరేటే పిచ్చిదానా! కాసులమ్మ గవరయ్య కూతురు. గోయిందుకి మేనమావ కూతురు. సిన్నప్పుడే ఈడికిత్తామనుకున్నారు. నీ బాబు తన డాక్కు పని అల్లుడికి రాసిత్తానన్నాడని ఈడు ఇటొచ్చీసి..."

అక్కడ ఆగిపోయాడు. నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు.

"నాకు సూపానదమ్మా," అన్నాడు. "ఏటో సదివీసుంటాను." టీ సగం తాగి, వాన వస్తోందని వెళ్లిపోయాడు. వాన రాలేదు.

ఆగస్టు 23

సూరన్న మావకి చూపు ఆనదు. ఆ మాట ఆయనే అన్నాడు.

ఆగస్టు 25, బుధవారం

ఎడమ తలుపు మీది బీడింగు ఒక కొస లేచి వేలాడుతోంది. లోపల నీళ్లు దిగి తుప్పు పట్టింది. బళ్లకీ పనిముట్లకీ చేసే విశ్వకర్మ పూజ దగ్గరికొచ్చింది, ఆ రోజు బస్తీ అంతా మా కారు దగ్గరే ఉంటుంది. అందుకని ఆయన వచ్చేలోపు అతికించినవన్నీ ఊడదీసి, శుభ్రం చేసి, మళ్లీ కొత్తగా అంటించాలని అనుకుంటున్నాను. ఇందులో వేరే ఉద్దేశం ఏమీ లేదు.

ఆగస్టు 27, శుక్రవారం

సందు చివర డెంటింగు షాపు మల్లేశుని అడిగితే గుడ్డని వేడినీళ్లలో ముంచి వేసి, గమ్ము మెత్తబడ్డాక గాలానికి కట్టే నైలాన్ దారంతో వెనకనుంచి కోయమన్నాడు. "బ్లేడు పెట్టకు పిన్నీ, రంగు పోతాది," అని కూడా అన్నాడు. మల్లేశు నేను నడిపిన ఆదివారం తెలుగు బడిలో రెండేళ్లు కూర్చున్నాడు. 'అ' దాటి 'ఆ' కి రాలేదు. వాడే కాదు, ఒక్కడికీ అక్షరం అంటలేదు. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, సినిమాకి హిందీ చాలు కదా అని పిల్లలు మానేశారు, నేను బడి మూసేశాను. ఈ బస్తీలో తెలుగు చదవగలిగింది ఇప్పుడు నేనూ, మూడో క్లాసు చదివిన మా ఆయనా.

మధ్యాహ్నం కుంపటి సందులోనే పెట్టుకుని ఎడమవైపు బీడింగు తీశాను. దారం చేతులకి కోసుకుంది. బీడింగు వచ్చింది గాని గమ్ము రాలేదు. నల్లగా, జీళ్లలా సాగుతోంది. కిరసనాయిలు పెట్టి రుద్దితే సగం పోయింది. మిగతా సగం నా గోళ్లలోకి వచ్చింది.

బొట్టు పెట్టాను. చేతులు మురికిగా ఉన్నా పెట్టాను.

ఆగస్టు 28, శనివారం

కుడివైపు బీడింగు. రెండు వానరేకులు. ఒక రేకు విరిగింది, విరిగితే విరిగింది.

ఆగస్టు 29, ఆదివారం

చక్రాల వంకీలు తీశాను. గద్దని కూడా తీశాను. అది మొత్తుకోకుండా వచ్చింది పాపం, ఈ కారులో మంచిది అదొక్కటే. గమ్ముకి కిరసనాయిలు కంటే కొబ్బరినూనె నయమని కనిపెట్టాను. రాసి, గంటసేపు వదిలేసి, గుడ్డ చుట్టిన బొటనవేలితో గుండ్రంగా రుద్దితే ఉండలు కట్టి వస్తుంది. తలకి రాసుకునే నూనె కారుకి రాస్తున్నాను. వెనక్కి మాత్రం వెళ్లలేదు. ముందు వైపే ఇంకా చాలా పని ఉంది.

ఎనిమిదేళ్ల కిందట ఆ పేరు రాసింది నేనే. ఆయన రాత కోడి గీసినట్టుంటుంది. "నీ అచ్చరాలు కుదురు, నువ్వు రాసియ్యి," అంటే, తలస్నానం చేసి, దీపం పెట్టి, అట్ట మీద పెద్ద అక్షరాలతో రాశాను. 'సు' కొమ్ము సరిగా తిరగలేదని చింపేసి మళ్లీ రాశాను. ఆయన నా పక్కనే కూర్చుని చూశాడు. సైన్‌బోర్డు మండల్ బాబు ఆ అట్ట మీద గీతలు పట్టుకుని మెరిసే రేకులో కోశాడు. మండల్ బాబుకి తెలుగు రాదు, నా చేతిరాతని మక్కీకి మక్కీ దింపాడు.

నేను రాస్తుంటే ఆయన పక్కన కూర్చుని చూశాడు. ఇంతకు ముందు ఎప్పుడూ నేను చేసే పని దగ్గర అంతసేపు కూర్చోలేదు. అందుకే నాకు గుర్తుండిపోయింది.

ఆగస్టు 31, మంగళవారం

సంత్రాగాఛి వెళ్లాను. ఎందుకు వెళ్లానంటే, ఆ ఆదివారం ముసలాయన టీ సగం తాగి వెళ్లాడు, మర్యాద కాదు. కారు రంగు పోతున్న చోట ఊరివాళ్లు ఏం చేస్తారో కూడా అడుగుదామని. ఇలాంటి కారణాలు లోకల్ రైల్లో కూర్చుని ఇంకా రెండు మూడు అల్లుకున్నాను.

సూరన్న మావ క్వార్టరు బయట నులకమంచం మీద ఉన్నాడు. నన్ను చూడగానే లేచి కూర్చున్నాడు. నేను ఏమీ అడగకుండానే చెప్పడం మొదలుపెట్టాడు. వారమంతా కడుపులో పెట్టుకుని ఉన్నట్టున్నాడు.

"దానికి పెల్లయినాది. మొగుడు తాగీసి పోనాడు. మరి పెల్లాడనేదు. పలాస ఎల్లి జీడిపిక్కలు కొట్టుకుని బతుకుతాది. మంచి మనిసే." నులక సర్దుకుంటూ, "ఊర్నో అందరూ దాన్ని బెంగాలీదంటారు," అన్నాడు.

"ఎందుకు మావా?"

"ఎర్రంచు తెల్ల సీరలు కడతాది కదా. మా దగ్గరెక్కడా దొరకవలాటివి. యేడుకొకటి కడతాది. ఎక్కడివే అంటే నవ్వుతాది."

కోడలు పిల్ల టీ తెచ్చింది. మొత్తం తాగాను. చక్కెర ఎక్కువైంది.

సెప్టెంబరు 1

ఎనిమిది చీరలు. ఒక దాని కొంగుకి శంఖాలు ఉన్నాయి. ఒకటి నాకే కావాలనిపించి, దేవుడి సొమ్ము మీద ఆశ పడ్డానని అక్కడే లెంపలేసుకున్నాను, బజారు మధ్యలో.

సెప్టెంబరు 2, గురువారం

బతికున్న మనిషి. ఏ రాతి బొమ్మో అయినా బాగుండేది.

ఆయన ఏటా తెచ్చే ప్రసాదం నువ్వుల చిమ్మిలి. ఇన్నేళ్లూ కళ్లకద్దుకుని తిన్నాను. బస్తీలో ఇంటింటికీ చిటికెడు చిటికెడు పంచాను. బెల్లం పాళ్లు ఎంత బాగా కుదిరాయో అని దాలమ్మత్త ఏటా మెచ్చుకుంటుంది, అమ్మవారి చేతి మహిమ అంటుంది. అందులో అబద్ధం లేదు, చేతి మహిమే.

శుక్రవారం శుక్రవారం ఆ పేరు ముందు నిలబడి నేనేం అడిగేదాన్నో ఇక్కడ రాయను. ఇప్పుడు నాకు నలభై మూడు. అడగడం మానేసి కూడా రెండేళ్లయింది.

సెప్టెంబరు 3, శుక్రవారం

బొట్టు పెట్టలేదు. వేడినీళ్ల గుడ్డ డిక్కీ మీద వేసి కూర్చున్నాను. దాలమ్మత్త మందారాలతో వచ్చింది.

"ఏటి సేత్తన్నావే తవిటీ?"

"గమ్ము పాతబడిపోనాదత్తా. తీసి కొత్తగా అంటించాల."

"గోయిందు రానీ. మొగోడు లేకుండా అమ్మోరి పేరు ముట్టుకోకూడదు. కళ్లు పోతాయి."

ఎన్నేళ్లుగానో కళ్లు లేవు అత్తా, ఇప్పుడు కొత్తగా పోయేదేముంది అందామని నోటిదాకా వచ్చింది. అంటే తరవాతది కూడా చెప్పాలి. చెబితే ఏమవుతుంది? మొగుడు ఉంచుకున్నదానికి ఎనిమిదేళ్లు పసుపుకుంకుమ పెట్టిన తవిటమ్మ అంటూ బస్తీ పిల్లలు కూడా కథ చెప్పుకుంటారు. నీళ్లపంపు దగ్గర నా బిందె వంతు వచ్చినప్పుడల్లా నవ్వుతారు. ఆయన్నేమీ అనరు. మొగవాడు, సరదా మనిషి అంటారు.

పేరు పోవాలి. ఎందుకు పోయిందో ఎవరికీ తెలియకూడదు. ఈ రెండే నాకు కావలసినవి.

దాలమ్మత్త నేను తడిపిన గుడ్డ ఎత్తి, మందారం పెట్టి, మళ్లీ గుడ్డ కప్పి వెళ్లింది. తల్లికి జ్వరం వచ్చినట్టుంది ఆ వాలకం. ఏడవాల్సింది, నవ్వొచ్చింది.

సెప్టెంబరు 5, ఆదివారం

'కా' ఊడింది.

దారం రెండు చేతులకీ చుట్టుకుని రంపంలా లాగాను. సందులో ఎన్నికల మైకు తిరుగుతోంది, గోడలన్నీ సున్నం కొట్టి ఎర్ర రాతలు రాసేశారు, నా మొహం ఎవరూ చూడలేదు. అక్షరం ఒక్కసారిగా వదిలేసరికి వెనక్కి పడ్డాను. చేతిలో 'కా'. నా చేతిరాతే. దాని కింద ఎనిమిదేళ్లుగా ఎండ తగలని నీలం రంగు కొత్తగా మెరుస్తూ, 'కా' లాగే ఉంది. చుట్టూ వెలిసిపోయిన బూడిద నీలం. ఊడదీసినా అక్షరం అక్కడే ఉంది.

సెప్టెంబరు 7

'సు'. 'ల' కూడా. కొబ్బరినూనె సీసా ఖాళీ అయిపోయింది. అన్నం కలుపుకుంటే గమ్ము వాసన. రెండు బొటనవేళ్లూ పొక్కాయి.

సెప్టెంబరు 9, గురువారం

'మ్మ' రావడం లేదు. దారం మూడుసార్లు తెగింది. వేడినీళ్లకి లొంగలేదు, కిరసనాయిలుకి లొంగలేదు. ఒళ్లు మండి ఆయన గెడ్డం గీసుకునే బ్లేడు తెచ్చి కింద పెట్టి తోశాను. అక్షరానికేమీ కాలేదు. పక్కన రంగు జానెడు లేచిపోయి రేకు కనిపించింది. మల్లేశు ముందే చెప్పాడు. బ్లేడు మళ్లీ ఆయన గెడ్డం డబ్బాలోనే పెట్టాను, మొండిదైపోయిందని చెప్పను.

సెప్టెంబరు 12, ఆదివారం

వచ్చాడు. సందులోకి తిరగ్గానే కారు చూసి ఉంటాడు. గుమ్మంలోకి వచ్చేసరికి మొహం ఒక రకంగా ఉంది. చిమ్మిలి డబ్బా దేవుడి పటం ముందు పెట్టి, సావకాశంగా అడిగాడు.

"అమ్మోరి పేరేటి అలగయిపోనాది?"

"గమ్ము పాతబడిపోనాది."

"'మ్మ' ఒక్కటీ ఉన్నాది."

"అది రానంటన్నాది."

పెరట్లో కాళ్లు కడుక్కోవడానికి చెంబు ఎత్తాడు. అప్పుడు చెప్పాను, సూరన్న మావ వచ్చాడని, సంత్రాగాఛిలో ఉంటున్నాడని. చెంబు వంచి పట్టుకుని అలాగే ఉండిపోయాడు. నీళ్లన్నీ కారిపోయాయి, కాళ్ల మీద ఒక్క చుక్క పడలేదు.

"అన్నమెట్టు," అన్నాడు.

పెట్టాను. పప్పు, వేయించిన చేప. రెండోసారి అన్నం అడిగాడు, అదీ పెట్టాను.

"ఎవులికైనా సెప్పినావేటి?"

"నేదు."

"సెప్పకు. బస్తీలో తలెత్తుకోనేం."

ఇరవై రెండేళ్ల కాపురంలో ఆయన నన్ను బతిమాలింది ఇదొక్కసారే. నేను ఏడ్చానా, తిన్నానా, ఆ బొటనవేళ్లకి ఏమైంది అని అడుగుతాడని కంచం ముందు కూర్చుని ఎదురుచూశాను. సిగ్గులేని మనసు. చేప ముల్లు తీసుకుంటూ ఆయన మళ్లీ అన్నాడు, "ఆమె ఎప్పుడూ ఏటీ అడగనేదు తవిటీ. సీర నానే అట్టుకెల్లినాను."

"కొన్నది నాను," అన్నాను. "ఏటీ అడగందాన్ని నాను కూడా ఉన్నాను ఈ ఇంట్లో."

చెయ్యి కడుక్కుని బయటికి పోయాడు. చిమ్మిలి తీసుకెళ్లి కాలవ గట్టున చీమలకి వేశాను. బెల్లం పాకం ఈసారి కూడా బాగానే కుదిరినట్టుంది, చీమలు భక్తిగా తిన్నాయి.

సెప్టెంబరు 13, సోమవారం

దాలమ్మత్త నలుగురు ఆడవాళ్లనీ మల్లేశునీ వెంటేసుకుని వచ్చింది. సందులో పెద్ద సభే పెట్టింది.

"మూడచ్చరాలు పోనాయి. ఒకటుండిపోనాది. పిల్ల రెండు వారాలు కష్టపడినాది, ఆ ఒకటీ ఊడనేదు. దానర్థమేటి? తల్లి ఈ సందు వొగ్గనంటన్నాది. ఆ అచ్చరం ఎవులూ ముట్టుకోకండి. మిగతా మూడూ కొత్తగా సేయించి ఎట్టాల. తవిటి రాసిత్తాది. ఎట్టినప్పుడు కారుగల్లోడు సొంత సేత్తో తల్లికి కొత్త సీర పెట్టాల."

ఆయన గుమ్మంలో నిలబడి, "ఇప్పుడదంతా ఎందుకత్తా, సాదాగా ఉంచీద్దాం," అన్నాడు. మొదటిసారి ఆయనా నేనూ ఒకే మాట మీద ఉన్నాం. దాలమ్మత్త ఆయన్ని ఝాడించి వదిలిపెట్టింది. ఇన్నేళ్లు తల్లి పేరు చెప్పుకుని పెళ్లిళ్లకి కారు తిప్పి ఇప్పుడు సాదాగానా అని.

ఆయన నా వైపు చూశాడు. నువ్వు కాదను, నీ చెయ్యి బాగోలేదని చెప్పు, అని ఆ చూపు. నేను రెండు వారాలుగా వేళ్లు పుళ్లు చేసుకుని పీకిన పేరుని నా చేత్తోనే మళ్లీ రాయాలి. కాదంటే ఎందుకో చెప్పాలి. సందులో అందరూ నా నోటి వైపే చూస్తున్నారు.

"రాసిత్తానత్తా," అన్నాను.

సెప్టెంబరు 14

రాయలేదు. అట్ట ముందు పెట్టుకుని కూర్చున్నాను. 'కా' దీర్ఘం దాకా వచ్చి చెయ్యి ఆగిపోయింది.

సెప్టెంబరు 15, బుధవారం

రాశాను. తలస్నానం చేయలేదు, దీపం పెట్టలేదు. ఆయన ఇంట్లో లేడు. ఉన్నా ఈసారి పక్కన కూర్చునేవాడు కాదు. మూడు అక్షరాలు, పాత వాటి ఎత్తే, పాత వాటి లావే. అట్ట పట్టుకెళ్లి మండల్ బాబుకి ఇచ్చాను.

"పాతవి ఇలాగే ఉండేవా, బౌదీ?" అని బెంగాలీలో అడిగాడు. ఎనిమిదేళ్ల కిందటి అట్ట మండల్ బాబు దగ్గర ఎందుకుంటుంది?

"ఇలాగే," అన్నాను.

శుక్రవారం పొద్దున తనే వచ్చి అంటిస్తానన్నాడు. డాక్కు గమ్ము డబ్బాలో ఇంకా మిగిలి ఉంది. అదే వాడమని చెప్పాను.

సెప్టెంబరు 16

చీర కొనడానికి ఆయన వెళ్లాడు. ఎక్కడ కొనాలో నన్నడగలేదు. ఇంటికి తెచ్చాక పొట్లం విప్పలేదు, నేనూ విప్పమనలేదు. సూరన్న మావని పూజకి పిలవాలి నిజానికి. పిలవలేదు.

సెప్టెంబరు 17, శుక్రవారం

వాన లేదు. ఆకాశమంతా గాలిపటాలు. డాక్కు గేటు దగ్గర, యూనియన్ ఆఫీసు దగ్గర, రిక్షాస్టాండు దగ్గర ఎవరి విశ్వకర్మ వాళ్లదే, ఎవరి మైకు వాళ్లదే. మండల్ బాబు పొద్దున్నే వచ్చి అక్షరాలు అంటించి, పైన ఎర్రగుడ్డ కప్పి వెళ్లాడు. ఆయన అప్పుడు క్షవరానికి వెళ్లి ఉన్నాడు. నేను కాపలా కూర్చున్నాను.

అందరూ వచ్చారు. ఈ యేడు పెళ్లయిన అమ్మాయిలు మొగుళ్లని తీసుకుని వచ్చారు. దాలమ్మత్త పసుపు పళ్లెం పట్టుకుని ముందు నిలబడింది. "గుడ్డ తియ్యి గోయిందూ," అంది.

ఆయన తీశాడు. కళ్లు దించుకునే తీశాడు. చేతులు జోడించాక తల ఎత్తాడు. చదివేటప్పుడు ఆయన పెదవులు కదులుతాయి, అక్షరం అక్షరం కూడబలుక్కుంటాడు. త, అన్నాయి పెదవులు. వి, అన్నాయి. అక్కడ ఆగాయి. ట. ఆ తరవాతది ఆయనకి పాత అక్షరమే, చదవక్కరలేదు.

తవిటమ్మ.

నా వైపు తిరిగాడు. ఇరవై రెండేళ్లలో ఆయన నన్నంత తిన్నగా చూడటం నేనెరగను. నేను కూడా చూశాను. చెప్పు, అనుకున్నాను. ఇది కాసులమ్మ పేరు కాదని అందరికీ చెప్పు. కాసులమ్మ ఎవరో కూడా చెప్పు.

"భలే సుందొర్ పిన్నీ," అన్నాడు మల్లేశు, నా బడిలో రెండేళ్లు కూర్చున్నవాడు. "పాత వాటికన్నా మెరుత్తన్నాయి." ఆ నాలుగక్షరాలని అంతమందిలో ఒక్కరు చదవలేదు. బడి మూసేసిన రోజు ఏడ్చాను. ఇవాళ ఆ పిల్లలందరికీ మనసులో దండం పెట్టాను.

దాలమ్మత్త ఒక్కొక్క అక్షరానికీ పసుపు రాసి బొట్టు పెట్టింది. "కాసులమ్మ తల్లీ, మా పిల్లల్ని సల్లగా సూడు. ఈ తవిటి కడుపు కూడా సల్లగా సూసుండాల్సింది, పోనీలే," అని నా పేరు ముందే నా గురించి మొక్కింది. పక్కనే నిలబడి ఉన్నాను. అందరూ డిక్కీకే దండం పెడుతున్నారు, నన్నెవరూ చూడటం లేదు.

"కొబ్బరికాయ కొట్టు గోయిందూ."

మొదటి దెబ్బ పక్కకి పడి పగల్లేదు. మొక్కులో లోపం ఉందని దాలమ్మత్త గదమాయించింది. రెండోసారి పగిలింది. నీళ్లు అక్షరాల మీద చల్లి, వంగి, డిక్కీకి నుదురు ఆనించి మొక్కాడు. అంతసేపు ఎందుకు వంగి ఉన్నాడో, ఎవరికి మొక్కాడో నేను అడగను. పొట్లం విప్పి చీర డిక్కీ మీద పరిచాడు. హారతి నేనే ఇచ్చాను.

సెప్టెంబరు 18, శనివారం

నా పేరు పెట్టుకున్నానన్న సంతోషం ఒక్క పూట ఉంది. పొద్దున వెళ్లి చూస్తే, 'త' వెనక నుంచి 'కా' నీడ చెవిలాగా బయటికి కనిపిస్తోంది. 'ట' పక్కన 'ల' తోక. ఎండకి ఆ నీలం కూడా వెలిసి ఒకటయ్యేదాకా ఎన్నేళ్లు పడుతుందో, అప్పటిదాకా కారు ఉంటుందో లేదో. ఊడిన బీడింగులు ఏం చేయమంటావని మల్లేశు అడిగాడు. పారేయమన్నాను.

 మధ్యాహ్నం ఆయన అన్నం తింటూ, "మరి వొచ్చే యేడు ఎల్లను," అన్నాడు.  వెళ్లడని నమ్మలేదు, వెళ్లొద్దని చెప్పలేదు. మజ్జిగ పోశాను.

అమ్మవారి మీద వేసిన చీర ఇంటి ఇల్లాలికే చెందుతుందని దాలమ్మత్త నిన్న నా చేతిలో పెట్టింది. ఇప్పుడు మడత విప్పి చూశాను. తెల్లటి ఒళ్లు, ఎర్రంచు. ఆయనకి ఆ ఒక్క రకమే తెలుసు. కొంగు దగ్గర ఒక పోగు లేచి ఉంది, చూసుకోలేదు. ఆయన స్వయంగా కొన్న చీర నా దాకా రావడం ఇదే మొదటిసారి. అదీ కారుకి కొన్నాడు.